ఇప్పపూల వేళకు ఉట్నూరు

మా చెల్లెలి కుమార్తె ఉద్యోగరీత్యా ఇటలీ దేశమున మిలాను నగరమందున్నది. గడచిన శరత్కాలమున నామె మాకొక పెద్దజాబు వ్రాసినది. స్నేహితురాండ్రతో గూడి ఫ్లారెన్సు, సియెనా పట్టణముల నడుమనున్న కియాంటి సీమకు బోయి, ద్రాక్షతోటలను, ద్రాక్షాసవమును నిలువచేయు నేలమాళిగలను జూచివచ్చిన వృత్తాంతమది. చదువుచు మేము ముక్కుపై వ్రేలు వేసికొంటిమి. ఇల్లాండ్రు మద్యము చేయు తావులకు యాత్ర వెడలుటయా యని తోచినది. కాని రెండవమారు చదివినప్పుడు మా మనస్సును బట్టినది మద్యము గాదు. ఆ పిల్లలు యాత్రను గూర్చుకొన్న పద్ధతి.

వారు ద్రాక్షపండ్లు కోయు సెప్టెంబరు, అక్టోబరు మాసముల నెంచుకొనిరి. దినమునకు రెండు తోటలకు మించి చూడ దలపెట్టలేదు. ప్రతి తోటవారికిని ముందుగా వ్రాసి, రమ్మన్న గడియకే పోయిరి. ఆ సీమ నెఱిగిన మార్గదర్శిని నొకతెను గుదుర్చుకొనిరి. బండి నడుపువాడు చుక్కయైన ముట్టరాదని నియమము. రుచి చూచువారు సయితము పుక్కిలించి పాత్రలో నుమియవచ్చునే గాని మ్రింగ నక్కఱలేదు. జాబు చివర, "పెద్దమ్మా! మన దిక్కు ఇట్లాంటిది ఏమన్న ఉన్నదా?" అని యడిగినది.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. మా కరీంనగరము సీమలో తాడిచెట్లు, ఈతచెట్లు. గోదావరి దాటిన ఆదిలాబాదు అడవులలో ఇప్పచెట్లు. అవి కల్లునకు బుట్టినిండ్లు, ఇది సారాకు బుట్టినిల్లు. 2016లో జిల్లాలు విడివడి జగిత్యాల యనియు, మంచిర్యాల యనియు, కొమరంభీము ఆసిఫాబాదు అనియు వేఱు పేళ్లు వచ్చినను మా నోటికి పాత పేళ్లే యలవాటు. ఈ సీమలోనే పుట్టి పెరిగినను, కల్లు గీయుట గాని, ఇప్పపువ్వు రాలుట గాని మేము కన్నులార జూచియుండలేదు. ఈ రెంటిని జూచి వత్తమని సంకల్పించితిమి.

ఈ మాట యింట జెప్పగానే మా తోడికోడలు, పెద్దయామె, చేతిలోని చేటను క్రిందబెట్టినది. మా బావగారు వయసున నున్నప్పుడు కలపపని మీద గోదావరి కావలికి బోయి, అక్కడ ఇప్పసారాకు మరగిరి. పొలము, ఆమె మెడలోని బంగారము, తుదకు వారి ప్రాణము ఆ త్రోవనే పోయినవి. "ఆ పువ్వు మొకం నేను సూడ, చెల్లె. మీరు పోండ్రి" అని యామె లోపలికి బోయినది. మేము మాఱుమాట యాడలేకపోతిమి.

ఆమె మాటలో దోసమేమున్నది? ద్వారకలో నెవ్వరును సుర చేయరాదని చాటింపు వేయించిన పిమ్మటను, యాదవులు ప్రభాసతీర్థమున త్రాగి యొకరినొకరు చంపుకొనిన మౌసలపర్వకథను మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద జదివితిమి. మన కాలముననే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై దిరుగబడిరి. వారి యుద్యమము రాష్ట్రమంతట బ్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా యమ్మకము నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. చట్టము వచ్చును, పోవును. త్రాగుబోతు నింట బెట్టుకొన్న యిల్లాలికి మాత్రము ప్రతి సాయంకాలము నొక పరీక్షయే.

అయినను మాకు మఱియొక చదువు జ్ఞప్తికి వచ్చినది. ఇప్పనే సంస్కృతమున మధూకమందురు. కుమారసంభవము ఏడవ సర్గలో పార్వతిని పెండ్లికూతును జేయునప్పుడు, చెలికత్తె గరికతో గూర్చిన మధూకమాలతో నామె కొప్పును జుట్టినదని కాళిదాసు వర్ణించెను. రఘువంశమున స్వయంవరమునకు వచ్చిన ఇందుమతి మెడలోనిదియు మధూకమాలయే. పెండ్లికూతు కొప్పున దాల్చిన పువ్వు, ఇల్లాలి పుస్తెలు దెంచు పువ్వెట్లయ్యెను? ఈ ప్రశ్నకు బదులు పుస్తకములలో దొరకదు. చెట్టుక్రిందనే వెదకవలె ననుకొంటిమి. ఆ రాత్రి వంటింటిలో ఈ సంగతి మా తోడికోడలికి జెప్పితిమి. ఆమె వినెనే గాని యేమియు ననలేదు. బయలుదేరు నాటి తెల్లవాఱుజామున మాత్రము సంచి సర్దుకొని గడపలో నిలుచుండెను. "పిల్లలు ఎంబడివడ్డరు, వస్త. గని ఆడ బండి దిగ" అనెను.

మావలె బోదలచు సోదరీమణుల సౌకర్యము కొఱకు మేము చేసిన యేర్పాట్లను వరుసగా వ్రాయుచున్నాము.

మొదటిది కాలము. ఇప్పపువ్వు ఫాల్గుణము చివరను, చైత్రమునను, అనగా మార్చి నడిమి భాగమునుండి ఏప్రిలు లోపల రాలును. అదియు రాత్రి చివరిజామున మొదలై ప్రొద్దెక్కువఱకు మాత్రమే. తొమ్మిది గంటలకు దీరికగా బోయినవారికి వట్టి చెట్టు గనబడును. కావున ముందునాటి రాత్రియే ఉట్నూరు చేరి పరుండవలెను. చీకటిలో అడవిబాట ప్రయాణము పెట్టుకొనరాదు. జన్నారము మీదుగా బోవు బాట 2012లో పెద్దపులుల యభయారణ్యముగా బ్రకటింపబడిన కవ్వాల అడవిలోనుండి సాగును.

రెండవది మార్గదర్శి. మా యింటివారి పూర్వవిద్యార్థి, గోండు యువకుడు, ఉట్నూరు చెంతనే ఉపాధ్యాయుడుగా నున్నాడు. అతని తల్లి మమ్ము తన గూడెమునకు దీసికొనిపోవుట కొప్పుకొన్నది. ఆ గూడెపు మనిషి వెంటలేక ఇప్పచెట్ల కడకు బోవుట రెండు విధముల దప్పు. ఇప్పపువ్వు ఎలుగుబంటికి మిక్కిలి ప్రీతి, తెల్లవాఱుజామున నదియు నక్కడికే వచ్చును. మఱియు అడవిచెట్టని మనమనుకొను ఇప్పచెట్టునకు వారిలో హక్కుదారు లుందురు. ఏ చెట్టు ఏ కుటుంబమువారు ఏరుకొనవలెనో ఆ గూడెమువారికి దెలియును. పరుల పెరటిలో పూలు కోయ నెట్లు జంకుదుమో ఇక్కడను అట్లే జంకవలెను.

మూడవది వాహనము. 2023 డిసెంబరు 9 నుండి అమలునకు వచ్చిన మహాలక్ష్మి పథకముచే ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు టికెట్టు లేదు. ఇద్దరు ముగ్గురైనచో బస్సులోనే ఉట్నూరు చేరవచ్చును. మేము తొమ్మండుగురము గావున వ్యానును గుదుర్చుకొంటిమి. వెనుక నొక యాత్రలో మద్యము సేవించిన డ్రైవరు చేతిలో ప్రాణము లరచేత బెట్టుకొని యింటికి వచ్చిన యనుభవము మాకు గలదు. ఈ సారి బేరమునకు ముందే, రెండు దినములును చుక్క ముట్టననియు, ముట్టినచో కిరాయి లేదనియు బండివానిచే నొప్పించితిమి.

నాల్గవది వ్యయము. వ్యాను కిరాయి, డ్రైవరు బత్తా 9,500 రూపాయలు. ఉట్నూరులో రాత్రి బస 5,400. మార్గదర్శినికిని, మాకు వండిపెట్టిన గూడెపు స్త్రీలకును 2,500. తక్కిన భోజనములు, ఫలహారములు 2,400. వెరసి 19,800 రూపాయలు, తలకు 2,200 పడినది. గూడెమువారికి ఇచ్చునది ముందే మాటాడుకొని, దిగినవెంటనే చేతికిచ్చుట మర్యాద. వారు మొగమాటమునకు అడుగరు, మనము మఱచిపోవుదుము.

అయిదవది నియమములు. సారా కొనరాదు, తేరాదు. ఇండ్లలో సారా కాచుట ఆబ్కారీ చట్టమునకు విరుద్ధము. మన వేడుకకై వారిని చిక్కున బెట్టరాదు. అడుగక ఫోటోలు తీయరాదు. ఎండుటాకులున్న అడవిలో నిప్పు రాజేయరాదు. నూలుచీరలు, కాలికి బూట్లు, టార్చిలైటు, మనిషికి మూడు లీటర్ల నీరు, తలకు జుట్టుకొన నొక తువ్వాలు, ఇంతకుమించి సామానక్కఱలేదు. చూచుకొనవలసిన తావులు కూడ తగ్గించితిమి. కుంతల జలపాతము చూడవలెనని పిల్లలు పట్టుపట్టిరి. దాని సొగసు వానకాలము వెళ్లినతరువాతనే గాని వేసవిలో గాదని చెప్పి మాన్పించితిమి.

మొదటినాడు గంగాధర దాటిన తరువాత నొక పల్లె తాటివనముకడ నాగితిమి. ముందుగా జెప్పియుంచిన గౌడు మాకొఱకు కాచుకొనియున్నాడు. నడుమున ముత్తాదు బిగించి, మోకును చెట్టునకు జుట్టి, చూచుచుండగనే తలవైపున కెగబ్రాకెను. గెల కొనను కత్తితో పలుచగా జెక్కి, లొట్టిని గట్టి, రాత్రి యంతయు జారిన రసమును దింపెను. లోపల సున్నము పూసిన కుండలోనికి దిగిన రసము ప్రొద్దుపొడువకముందు తియ్యనినీరు. అదియే నీరా. సున్నము లేని కుండలోనిది ప్రొద్దెక్కినకొలది పొంగి పులిసి కల్లగును. మేము నీరాను మాత్రము తలకొక గ్లాసు పుచ్చుకొంటిమి.

అతడు దిగువఱకు చెట్టుక్రింద నతని భార్య తలయెత్తి నిలుచుండెను. "భయముగా లేదా?" యని యడిగితిమి. "దినాం గిట్లనే సూస్తనమ్మా. ఆయన కిందికి దిగేదాన్క నేను పొయ్యి ముట్టియ్య" అనెను. చెట్టుపైనుండి పడి కాలుసేతులు పోగొట్టుకొన్నవారు ప్రతి పల్లెలో నున్నారు. 2024లో ప్రభుత్వమువారు గీతకార్మికులకు కాటమయ్య రక్షణకవచమను పేర మోకులు, పట్టీలతో గూడిన సాధనములను ఇయ్య మొదలిడిరి. కాటమయ్య గౌడుల కులదైవము. బండిలోనే కూర్చున్న మా తోడికోడలు కిటికీలోనుండి ఆ యిల్లాలినే చూచుచుండుట మేము గమనించితిమి.

అచ్చటినుండి జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, గోదావరిలో స్నానముచేసి నృసింహస్వామిని సేవించితిమి. నరసింహశతకము రచించిన శేషప్పకవి ఈ యూరివాడే. మధ్యాహ్న భోజనమైన పిదప రాయపట్నము వంతెనపై గోదావరిని దాటి, జన్నారము అడవిగుండ ప్రొద్దుండగనే ఉట్నూరు చేరితిమి.

మఱునాడు తెల్లవాఱుజామున నాలుగున్నరకు మార్గదర్శిని బండియొద్ద బుట్టతో నిలుచుండెను. "రాం రాం" అని మమ్ము పలుకరించెను. గూడెము చేరుసరికి తూర్పు తెల్లబడుచున్నది. చెట్టు గనబడకమున్నే వాసన తగిలినది. పెసరపప్పు, బెల్లము ఉడుకు పాత్రపై మూత దీసినప్పటి తీపివాసన. ఆ పిదప చప్పుడు. గాలి లేదు, పిట్ట లేదు. ఎండుటాకులపై టప్పు టప్పుమని పూలు పడుచున్నవి. ఒక్కొక్కటి మీగడరంగున, ద్రాక్షపండంత, ఉబ్బిన పూస వలె నున్నది. స్త్రీలును పిల్లలును చెట్టుక్రింద వంగి రెండు చేతుల నేరుచున్నారు. ముసలివారు ఇండ్లముందట చాపలపై పోసి యారబెట్టుచున్నారు. నాలుగెండలు తగిలినచో అవి ఎండుద్రాక్షవలె ఎఱ్ఱబడి ముడుచుకొనును. మా చెల్లెలి కూతురి జాబు మాకు మఱల జ్ఞప్తికి వచ్చెను.

ఎండిన పువ్వును నీటిలో నానబెట్టి, కొన్ని దినములు పులియనిచ్చి, కుండలో కాచి, ఆవిరిని చల్లార్చినచో సారా యగునని మార్గదర్శిని నోటిమాటగా జెప్పెను. పెండ్లిండ్లలోను, పెద్దల కొలుపులలోను మొదటి చుక్క భూమిపై దేవరకు ధారవోసినగాని యెవ్వరును ముట్టరట.

మేము వినుచుండగా, ఆమె మోదుగాకు దొన్నెలో గుప్పెడు పూలు వేసికొని తిన్నగా బండియొద్దకు నడచెను. మేము వారింపబోయితిమి గాని అప్పటికే యామె కిటికీకడ నిలిచినది.

"నువ్వెందుకు దిగలే, అక్కా?"

మా తోడికోడలు కొంతసేపు పలుకలేదు. పిదప, "గీ పువ్వే నా మొగన్ని తిన్నది" అనెను.

గోండు స్త్రీ దొన్నెను వెనుకకు దీయలేదు. "నా పెద్దకొడుకును గూడ తాగుడే తిన్నది. పువ్వు కాదు. మా చిన్నప్పుడు కరువొచ్చిన ఏడు జొన్నలు లేవు. మా అవ్వ గీ పువ్వు ఉడకబెట్టి పెడితేనే మేం బతికినం. దేవునికి ఒక్క చుక్క చాలు, అక్కా. కుండెడు అడిగినోడు మనిషే" అనెను.

మేమును పిల్లలును చెట్టు క్రిందనే నిలిచిపోతిమి. కొంతసేపటికి బండి తలుపు తెఱచుకొన్న చప్పుడైనది. మా తోడికోడలు దిగి, చెంగు నడుమున దోపుకొని, ఎవ్వరివంకను జూడక వంగి పూలేర మొదలిడెను. ప్రొద్దు నెత్తికెక్కువఱకు ఆ ఇద్దరు స్త్రీలు నొక్క బుట్టలోనే పూలు వేసిరి. ఏమి మాటాడుకొనిరో మేము వినలేదు, తరువాత నడుగనులేదు.

గూడెములో జొన్నరొట్టె, పప్పు తిని, ఉట్నూరునకు మరలి వచ్చితిమి. అక్కడ ఆదివాసి స్త్రీల సహకార సంఘమొకటి వేయించిన ఇప్పపువ్వును బెల్లము, నువ్వులు, వేరుసెనగలతో గలిపి లడ్డులు చేయుచున్నది. 2025 మార్చిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున ఆదిలాబాదు స్త్రీల ఇప్పపువ్వు వంటకములు ప్రస్తావనకు వచ్చెను. సారాగా గాచినచో కాచినవారిని పోలీసులకు జడియజేయు పువ్వే, లడ్డుగా జేసినచో నలుగురి యెదుట అమ్ముకొన దగినదైనది. ఇప్పగింజలనుండి నూనె తీయుదురు గాని అది పూలు రాలిన రెండు మూడు నెలలకు; ఆ కాలమున బోయినవారు దానిని జూడవచ్చును.

తిరుగుప్రయాణమునకు ముందు మా యింటివారి కోరికపై మార్లవాయి చూచితిమి. 1940లో జోడేఘాటున కొమరంభీము నిజాము సైనికుల తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల కష్టసుఖముల నరయుటకు నిజాము ప్రభుత్వము వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫును నియోగించినది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడి ఈ గూడెమున నివసించెను. 1943లో ఇక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది. ఆమె 1987లోను, ఆయన 1995లోను గతించిరి. దంపతుల సమాధులు ఇక్కడనే ప్రక్కప్రక్కన నున్నవి. మా యింటివారు చాలసేపు నిలుచుండి, "చదువు చెప్పవచ్చినవారు చాలమంది. చదువు చెప్పి వీరిలో ఉండిపోయినవారు కొందఱే" అనిరి.

ఇంటికి వచ్చిన పిదప మా తోడికోడలు లడ్డుల పొట్లమును విప్పి పిల్లలకు బంచెను. మిగిలినదానిని బావగారి పటము ముందు బెట్టునేమో యని మేము చూచితిమి. పెట్టలేదు. డబ్బాలో బోసి మూత బిగించెను. ఆమె క్షమించినదని మేము వ్రాయజాలము. అది యామెకును ఆ పోయినవారికిని నడుమనున్న లెక్క. కాని గూడెమువారిచ్చిన పిడికెడు ఎండుపూలను ఆమె పారవేయలేదు. అవి ఇప్పటికిని మా పోపులపెట్టె ప్రక్కన సీసాలో నున్నవి.

ఇటలీలోని పిల్లకు జాబు వ్రాయుచున్నాము. మన దిక్కునను అట్టి యాత్ర గలదనియు, కాని ఇక్కడ ముఖ్యముగా విచారింపవలసినది ఏ పానము రుచిగా నున్నదని గాదు, దానిని జేయువారి యింట నెవరెవరు ఏమి పోగొట్టుకొనిరో యనియు వ్రాసితిమి. మొన్న పంచాంగము చూచుచుండగా మా తోడికోడలు వచ్చి ప్రక్కన గూర్చుండి, "వచ్చే ఫాల్గుణం ఎన్నడు వడ్తది, చెల్లె?" అని యడిగినది. తేదీలకు గుర్తు పెట్టుకొన్నాము. పోదలచు సోదరీమణులు మాఘమాసమునందే మార్గదర్శినికి గబురంపుకొందురు గాక.